"బాగుంది" అనే తిట్టు

ఒక మనిషి తాను తీసిన ఫోటో తెచ్చి మన చేతిలో పెట్టి, "ఎలా వుందండీ?" అని అడిగితే, దాన్ని అరక్షణం చూసి, "బాగుంది" అని తిరిగి యిచ్చెయ్యడం కంటె ఘోరమైన అవమానం ఇంకొకటి వుండదని నా నిశ్చితాభిప్రాయం. చెంపదెబ్బ కొట్టినా కొంత నయం. కొట్టేముందు కనీసం మొహంకేసి చూస్తాం కదా!

మీలో చాలామంది యిప్పటికే ముక్కు విరుస్తున్నారని నాకు తెలుసు. "ఏమిటీవిడ గొడవ? ఎదుటివాళ్ళ మనసు నొప్పించకుండా నాలుగు మంచి మాటలు చెప్పడం కూడా తప్పేనా?" అంటారు. అమ్మా, నాలుగు మాటలు చెబితే నాకే అభ్యంతరమూ లేదు. మీరు చెప్పేది ఒక్కటే మాట. అదీ ఆవలింతకీ ఆవలింతకీ మధ్యన.

యీ మర్యాద మిగతా విషయాల్లో ఎక్కడికి పోతుందో చూడండి. పప్పులో ఉప్పు ఒక్క రవ్వ తగ్గితే, మొదటి ముద్ద గొంతు దిగకుండానే తీర్పు వచ్చేస్తుంది. పులుసు పల్చబడిందని మామగారు, పోపు మాడిందని మరిది, నిన్నటి కూరే నయమని పిల్లలు. వండిన మనిషి నొచ్చుకుంటుందేమోనన్న సందేహం ఏ ఒక్కరికీ రాదు. ముగ్గు వేస్తే ఎదురింటావిడ వీధి అవతలనుంచే, "నాలుగో వరసలో చుక్క తప్పింది చూసుకోండి" అని కేకేస్తుంది. సంగీతం మేష్టారయితే తాళం తప్పినచోటే పాట ఆపించి, మళ్ళీ పల్లవి ఎత్తుకోమంటారు. ఇక చీరల కొట్లో మన సంగతి చెప్పనే అక్కర్లేదు. మడత విప్పించి, అంచు వేళ్ళ మధ్య నలిపి, కొట్లో దీపాల వెలుగు నమ్మక గుమ్మందాకా పట్టుకెళ్ళి ఎండలో చూసి, "జరీ నిలవదు, పైగా చెంగు దగ్గర నేత వదులుగా వుంది" అని తేల్చేస్తాం. కొట్టువాడు పాతికేళ్ళుగా చీరలు అమ్ముతున్నవాడే; అయినా మారుమాట్లాడడు. అంత చూపున్న కళ్ళు, అంత పదునున్న నాలుక, ఎదురుగా ఒక ఫోటో పెట్టేసరికి ఏమయిపోతాయి?

అది నలుపు తెలుపు ఫోటో అయితే మరీనూ. నలుపు తెలుపు అనగానే మనవాళ్ళకి దేవుడి పటం ముందు నిలబడ్డంత భక్తి పుట్టుకొస్తుంది. వంకరగా వచ్చిన ఫోటో, కదిలిపోయిన ఫోటో, ఎవరి మొహమూ తిన్నగా లేని ఫోటో, అది రంగుల్లో వున్నంతసేపూ "ఇదేమిటి, యిలా వచ్చింది?" అనే మనిషే, ఫోన్లో ఒక్క మీట నొక్కి రంగు తీసేసి చూపించేసరికి, "ఆహా, ఎంత భావం!" అంటాడు. ఆ భావం ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి, చూద్దాం. రంగు పోయినంతమాత్రాన వంకర పోతుందా?

నిజానికి నలుపు తెలుపు చాలా కఠినమైన పరీక్ష. రంగుల ఫోటోలో పనిలో సగం రంగే చేసి పెడుతుంది. కుంకుమరంగు చీరకి ఆకుపచ్చ అంచు వుందనుకోండి. కంటికి ఎంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది! అదే నలుపు తెలుపులో తియ్యండి. ఎరుపూ ఆకుపచ్చా రెండూ కూడబలుక్కున్నట్టు ఒకే బూడిదరంగులోకి దిగిపోతాయి. వేలుపోసి కొన్న అంచు మాయం! అక్కడ వెలుగూ నీడా తప్ప మనకి వేరే దిక్కు లేదు. ఆ రెండింటితోనే బంగారం బంగారంలాగా, మట్టి మట్టిలాగా, తడి తడిలాగా కనబడాలి. 1957లో వచ్చిన "మాయాబజార్" చూడండి. మార్కస్ బార్‌ట్లే గారి చేతిలో నలుపూ తెలుపే కదా వెన్నెలయింది, నీళ్ళయింది, నగలయింది. 2010లో ఆ సినిమాకి రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. ముచ్చటగానే వుంది, కాదనను. కాని ఆ పడవ మీది వెన్నెల మాత్రం నాకు రంగుల్లో అంత చల్లగా తగల్లేదు. అంతటి విద్య పేరు చెప్పుకుని, పాడయిపోయిన ఫోటోలకి ముసుగెయ్యడం చూస్తే నాకు ఒళ్ళు మండుకొస్తుంది.

మా మేనకోడలొకతె వుంది. పేరు చెప్పనులెండి, చదివితే ఊరుకోదు. వాళ్ళ నాన్న పాత కెమెరాలో నలుపు తెలుపు ఫిల్ము వేసి, మేడమీద స్నానాలగది కిటికీకి నల్లగుడ్డ కట్టి, ఎర్రదీపం పెట్టుకుని, అక్కడే ప్రింట్లు వేస్తూ వుంటుంది. ఇల్లంతా హైపో వాసన. మా అమ్మ వరండాలో కూచుని చింతపండులో గింజలు తీస్తున్నప్పుడు ఒక ఫోటో తీసింది. ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ చూపించింది. పదిమంది చూశారు, పదిమందీ "బాగుంది" అన్నారు. మా వదిన అయితే "అచ్చం అత్తయ్యగారే!" అంది. అత్తయ్యగారిని తీస్తే అత్తయ్యగారు కాక పక్కింటావిడ వస్తుందా?

నాకు చూపించినప్పుడు పది నిమిషాలు చూశాను. అమ్మ తలలోంచి కొళాయి మొలుచుకొచ్చింది. తెల్లచీర ఎండకి కాలిపోయి సున్నం కొట్టిన గోడలా వుంది, ఒక్క మడతా లేదు. అసలు ఆ ఫోటోకి ప్రాణం ఎక్కడుంది? డెబ్భై ఏళ్ళుగా పని చేసి వంకర్లు తిరిగిన ఆ వేళ్ళల్లో. ఆ వేళ్ళేమో చీకట్లో వున్నాయి. చెప్పాను. మెడ వంపులో మాత్రం అలసట ఎంత చక్కగా పట్టుకున్నావే అని అదీ చెప్పాను. అది నిజం కాబట్టి చెప్పాను, మందు మింగించడానికి ముందు బెల్లంముక్క పెట్టినట్టు కాదు.

పిల్ల పెదవి ఒక్క క్షణం వణికింది. ఆ తరవాత అంది కదా, "అత్తా, చీర తెలుపు నెగెటివ్‌లోనే పోయిందంటావా, లేక ప్రింటు వేసేటప్పుడు అక్కడ ఇంకాసేపు వెలుగు పడనిస్తే మడతలు వస్తాయా?" అని. చూశారా! పదిమంది "బాగుంది" అన్నప్పుడు రాని ప్రశ్న అది. ఇద్దరం ఎర్రదీపం కింద కూచున్నాం. చేతుల మీద పడే వెలుగుకి అట్టముక్క అడ్డం పెట్టి కాస్త ఆపితే వేళ్ళు తేటపడ్డాయి. చీర దగ్గర ఎక్కువసేపు వెలుగు పోస్తే మడతలు నెమ్మదిగా పైకొచ్చాయి. అయిదు కాగితాలు తగలేశాం. కొళాయి మాత్రం ఎంత చేసినా పోదు; దానికి మందు డార్క్ రూములో లేదు, ఫోటో తీసేముందు రెండడుగులు పక్కకి జరగడంలో వుంది. మర్నాడు చింతపండు మళ్ళీ ముందరేసుకుని కూచోమంటే మా అమ్మ ఇద్దర్నీ తిట్టింది, అది వేరే సంగతి.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ఆ పిల్ల యీ విద్యని తిన్నగా ఒకచోట చేరి నేర్చుకుంటానంది. జీతం కట్టాలి. "బాగుంది, బాగుంది" అన్న ఆ పదిమందిలో ఒక్కరు కూడా ఔనన్లేదు. "సరదాకి తీసుకుంటోందిగా, మళ్ళీ దానికో చదువెందుకు?" అన్నారు. అంటే వాళ్ళు అన్న "బాగుంది"కి అర్థం ఏమిటన్నమాట? చంటిపిల్ల లక్కపిడతల్లో వండిన ఇసుక అన్నాన్ని "అబ్బ, ఎంత రుచో!" అంటామే, అదీ. అదే యింట్లో కొడుకు ఇంజనీరింగు మార్కుల కాగితం తెచ్చినరోజున ఎవరూ "బాగుంది" అని ఊరుకోలేదు. ఏ సబ్జెక్టులో ఎన్ని తగ్గాయి, ఎందుకు తగ్గాయి, ట్యూషన్ ఎక్కడ పెట్టాలి అని రాత్రి పదకొండు గంటలదాకా విచారణ జరిగింది. లెక్కలోకి తీసుకున్న పనికే మనవాళ్ళు తప్పులు వెతుకుతారు. ఆడపిల్లల పనిలో తప్పులే వెతకరంటే, అది ప్రేమ అనుకుని మనం మురిసిపోతున్నాం.

హోమాయ్ వ్యారావాలా అని మన దేశంలో పత్రికలకి ఫోటోలు తీసిన మొదటి మహిళ. 1913లో పుట్టారు. మొదట్లో ఆవిడ తీసిన ఫోటోలు భర్త మాణెక్‌షా గారి పేరుతో అచ్చయ్యాయి. చీర కట్టుకుని, బరువైన కెమెరా భుజాన వేసుకుని, గాంధీగారి అంత్యక్రియలూ, నెహ్రూగారి నవ్వూ నలుపు తెలుపులో పట్టుకున్నారు. 1970లో కెమెరా పక్కన పెట్టేశారు. పద్మవిభూషణ్ వచ్చింది 2011లో. మరుసటి ఏడాదే పోయారు. పత్రికల ఆఫీసుల్లో ఆవిడ ప్రింట్లని ఎవరయినా "ఆడమనిషి తీసింది కదా, బాగానే వుంది" అని పక్కన పెట్టి వుంటే ఆ ఫోటోలు అచ్చయి వుండేవా? పక్కనున్న పదిమంది మగవాళ్ళ ఫోటోలతో పోటీపడి నిలబడ్డాయి కాబట్టే అచ్చయ్యాయి.

అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. ఫోటోని విమర్శిస్తే మనకి గుండెలో కలుక్కుమంటుంది. దానికి కారణం మన పిరికితనం కాదు. మనలో చాలామంది విన్న మొట్టమొదటి ఫోటో విమర్శ ఏమిటో గుర్తు తెచ్చుకోండి. పెళ్ళిచూపుల ఫోటో! పట్టుచీర కట్టించి, మొహానికి రెండు పూతలు పౌడరు రాయించి, స్టూడియోలో కాగితం పూలకుండీ పక్కన నిలబెట్టి తీయిస్తారు. ఆ ఫోటో మూడు వూళ్ళు తిరిగి వస్తుంది. వస్తూ వస్తూ ఒక మాట మోసుకొస్తుంది: "పిల్ల నల్లగా పడింది." పడింది అనడంలోనే వుంది కిటుకు. తప్పు ఫోటోదా, పిల్లదా? ఎవరూ తేల్చరు. కాని శిక్ష మాత్రం పిల్లకే.

నేనయితే తేలుస్తాను. తొలిరోజుల్లో వాడిన ఫిల్ముకి ఎరుపు బొత్తిగా కనిపించేది కాదు. చర్మంలో వుండే ఎర్రని చాయ దాని లెక్కలో నలుపే. కుంకుమబొట్టు కాటుకచుక్కయ్యేది. అన్ని రంగులూ చూడగల ఫిల్ము వచ్చాక కూడా కష్టం తీరలేదు. కెమెరాలో వెలుగు కొలిచే సాధనం ఒకటుంటుంది. అది ఎదురుగా వున్నదాన్నంతా సగటు బూడిదరంగు కింద లెక్కగడుతుంది. తెల్లటి గోడముందు చామనచాయ పిల్లని నిలబెట్టి మీట నొక్కారో, అది గోడ తెలుపు చూసి బెదిరిపోయి వెలుగు తగ్గించేస్తుంది. పిల్ల మొహం మసిబొగ్గయిపోతుంది. తీసేవాడికి పని తెలిస్తే మొహం దగ్గర వెలుగు కొలిచి, పక్క కిటికీలోంచి మెత్తటి వెలుతురు పడేట్టు కూచోబెట్టి, అదే చాయని అందంగా, వున్నదున్నట్టుగా చూపించగలడు. చెయ్యడం చాతకాక, నెగెటివ్ మీద పెన్సిలుతో గీకి మొహాన్ని తెల్లగా చేసి, ముక్కు పక్కన పుట్టుమచ్చ చెరిపేసి యిచ్చేవారు. అది చూసి అందరూ "బాగుంది!" అనేవారు. పెళ్ళికొడుకు వచ్చి పుట్టుమచ్చ వుందేమిటని అడిగేవాడు.

1892లోనే హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ గారు ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతుల్లో పెట్టారు. అంటే మన ఆడవాళ్ళు కెమెరా ముందు కూచోవడం మొదలుపెట్టి నూట ముప్ఫయి ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళయినా ఫోటోని చూడమంటే మనిషి రంగునీ ముక్కునీ తూకం వేస్తున్నాం. "ఆవిడ లావుగా వుంది" అనేది ఫోటో గురించిన మాట కాదు. "వెలుగు తిన్నగా ఎదురునుంచి పడి మొహం పళ్ళెంలా చదునైంది" అనేది ఫోటో గురించిన మాట. యీ తేడా తెలిస్తే సగం ఏడుపులు తగ్గుతాయి.

ఇంకొక జాతి ఫోటోలున్నాయి. ఏ ప్రదర్శనకి వెళ్ళినా తప్పవు. ముడతల మొహం ముసలమ్మ. చుట్ట పొగ వదులుతున్న ముసలాయన. చీమిడి ముక్కు చంటాడు. అన్నీ నలుపు తెలుపే, నలుపు మరీ చిక్కగా. వాటిని బాగులేవన్నామా, పేదల మీద దయ లేనివాళ్ళం అయిపోతాం! నేను ఒకే ప్రశ్న అడుగుతాను: "ఆ అవ్వ పేరేమిటండీ?" తీసినాయన తడబడతాడు. ప్రపంచమంతా తిరిగిన ఫోటోకి కూడా యిదే గతి పట్టింది. 1936లో అమెరికాలో, కాలిఫోర్నియా బఠాణీచేల కూలీల గుడారాల దగ్గర డొరోతియా లాంగె అనే ఆవిడ ఒక తల్లినీ పిల్లల్నీ తీశారు. గొప్ప ఫోటో, సందేహం లేదు. పిల్లలు మొహాలు తిప్పేసుకుని తల్లి భుజాల మీద వాలడం, తల్లి చెయ్యి చెంప దగ్గర ఆగిపోవడం, ఎన్నిసార్లు చూసినా ఇంకా చూడాలనిపిస్తుంది. ఆ తల్లి పేరు ఫ్లారెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది మాత్రం 1978లో! దాని వల్ల తనకి చిల్లిగవ్వ రాలేదని ఆవిడ వాపోయింది. అంత గొప్ప ఫోటోనయినా యీ మాట అడగడం విమర్శలో భాగమే అంటాను.

ఆ ఫోటోలోనే కుడివేపు కింద, గుడారం గుంజని పట్టుకున్న ఒక బొటనవేలు వుండేది. కంటికి అడ్డంగా వుందని లాంగె తరవాత దాన్ని చెరిపించేశారు. ఆవిణ్ణి ఆ పనికి పంపిన ప్రభుత్వశాఖలో పెద్ద, రాయ్ స్ట్రైకర్ అనే ఆయన, అలా చెయ్యడం తప్పన్నాడు. నేను ఆయన పక్షమే. వేలు వుంటే వచ్చిన నష్టమేమిటి? కాని యీ స్ట్రైకర్ గారి మరో అలవాటు మాత్రం నేను మెచ్చను. ఆ రోజుల్లో తనకి నచ్చని నెగెటివ్‌లకి ఏకంగా చిల్లు పొడిపించేసేవాడు. వాటినిప్పుడు ప్రింటు వేస్తే ఆకాశంలోనో, ఎవరి మొహం మీదో, నల్లటి సూర్యుడు కనిపిస్తాడు. నిష్కర్షగా చెబుతున్నామని చెప్పుకునేవాళ్ళలో చాలామంది యీ చిల్లు బాపతే. "దండగ", "చెత్త", "కెమెరా అమ్మేసుకో". యీ మాటల్లో కొళాయి ఎక్కడుందో తెలుస్తుందా? "బాగుంది" అన్నవాడూ ఫోటో చూడలేదు, "చెత్త" అన్నవాడూ చూడలేదు.

ఇక వినేవాళ్ళ సంగతి. "మొహమాటం లేకుండా చెప్పండి" అని అడుగుతారు. చెప్పడం మొదలెట్టామో లేదో, "అహ, ఆవేళ మబ్బు పట్టిందండీ", "పిల్లాడు కదిలాడండీ", "కెమెరా మా తమ్ముడిదండీ" అని సంజాయిషీలు. ఆ ఫోటో గోడమీద వేలాడినన్నాళ్ళూ మీరు పక్కన నిలబడి వచ్చినవాళ్ళందరికీ మబ్బు సంగతి చెబుతారా? అన్నిటికంటె గడుసుది, "నేను కావాలనే అలా తీశానండీ" అనేది. సరే, కావాలనే తలలోంచి కొళాయి మొలిపించారనుకుందాం. ఎందుకు? దానికి జవాబుంటే చెప్పండి, నేనే నోరు మూసుకుంటాను. ఎదుటివాళ్ళు చెప్పిందల్లా నెత్తిన పెట్టుకోమని కూడా నేననను. విని, ప్రింటు కళ్ళెదురుగా పెట్టుకుని చూసి, కాదనిపిస్తే కాదనండి. ఆన్సెల్ ఆడమ్స్ అంతటివాడు 1941లో తీసిన ఒక్క చంద్రోదయం ఫోటోని నలభై ఏళ్ళపాటు, వెయ్యికి పైగా ప్రింట్లు వేశాడు. మొదట వేసినవాటిలో ఆకాశం కాస్త లేతగా, మబ్బులతో వుంటుంది. పోను పోను చిక్కటి నలుపైపోయింది. మధ్యలో 1948లో ఆ నెగెటివ్‌కే మళ్ళీ మందు పెట్టి కింది భాగం బిగువు పెంచాడు. జనం మొదటి ప్రింటుకే వహ్వా అంటూంటే, ఆయనకి మాత్రం తృప్తి లేకపోయింది.

పోయిన సంక్రాంతికి ఒక కాలనీలో మహిళామండలి వాళ్ళు నలుపు తెలుపు ఫోటోల పోటీ పెట్టారు. వచ్చినవి యిరవై మూడు. ఎవరినీ చిన్నబుచ్చకూడదని యిరవై ముగ్గురికీ తలా ఒక స్టీలు గిన్నె యిచ్చారు. పుచ్చుకున్నవాళ్ళు పుచ్చుకుని భోజనాలకి లేచారు. ఒకావిడ మాత్రం గిన్నె చంకలో పెట్టుకుని న్యాయనిర్ణేతల బల్ల దగ్గరే నిలబడి, "నా దాంట్లో ఏం తక్కువైందో చెబుతారాండీ?" అని అడిగింది. "అన్నీ బాగున్నాయమ్మా, వెళ్ళి భోజనం చెయ్యి" అన్నారు వాళ్ళు.

నేను ఆవిణ్ణి మెట్ల మీదికి తీసుకెళ్ళి కూచోబెట్టాను. మేడమీద తీగన ఆరేసిన తెల్ల పంచెల ఫోటో అది. పంచెల వెనకనుంచి ఎండ, ఒక చిన్నపిల్ల నీడ. మూడు మాటలు చెప్పాను. పిల్ల నీడ తీగ దాకా పోకుండా మధ్యలో తెగిపోయిందన్నాను. ఔనని తలూపి, చేతిలో గిన్నె కింద పెట్టి మరీ చూసింది. ఎడమ మూల బకెట్టు అనవసరం అన్నాను. బకెట్టు లేకపోతే ఆ పంచెలు ఉతికినవాళ్ళెవరో తెలియదు, ఉంచుతాను అంది. ఆలోచిస్తే ఆవిడ మాటే నిజం. చివరి పంచె అంచు మసగ్గా వచ్చిందని మూడోది చెప్పాను. ఆవిడ ఫోటోకేసీ, నాకేసీ మార్చి మార్చి చూసి, "మీరు కళ్ళజోడు మార్చుకోవాలేమోనండీ" అంది.